పొద్దున్నే వెళ్లండి, ఇంజిన్ చల్లగా ఉండగానే చూడండి

ప్రశ్న: అన్నగారూ, మాది నంద్యాల దగ్గర పల్లె. నాన్నగారికి గుండె ఆపరేషన్ అయింది, నెలకోసారి కర్నూలు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అందుకని 2013 మోడల్ స్విఫ్ట్ డిజైర్ డీజిల్ ఒకటి చూశాను. మీటర్లో 1,38,000 కిలోమీటర్లుంది. 3,10,000 చెబుతున్నారు. నేను వెళ్లేసరికే బండి స్టార్ట్ చేసి ఉంది. రేస్ చేస్తే కాస్త పొగ వచ్చింది. ఆయిల్ మూత తీస్తే ఆవిరి లేచింది. నాతో వచ్చిన మెకానిక్ ‘బ్యాక్ కంప్రెషన్ ఉంది, అంటే సిలిండర్లో గ్యాసు కిందికి తన్నుతోంది, వద్దు’ అన్నాడు. ఏజెంటేమో ‘డీజిల్ బండ్లన్నీ ఇంతే, ఇంజిన్ వెన్నలా ఉంది’ అంటున్నాడు. వారంలోపు అడ్వాన్స్ ఇమ్మంటున్నారు. ఇంజిన్ విప్పకుండా లోపల ఎంత అరిగిందో తెలుసుకోవడం ఎలా?
– ఒక పాఠకుడు, నంద్యాల జిల్లా

సమాధానం: తమ్ముడూ, అడ్వాన్స్ మాత్రం ఇప్పుడే ఇవ్వకండి. పొగ గురించి, ఆవిరి గురించి తర్వాత చెబుతాను. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే అనుమానంగా కనిపించింది వేరే మాట: మీరు వెళ్లేసరికే బండి స్టార్ట్ చేసి ఉండటం.

అరిగిన ఇంజిన్ రెండు వేళల్లో దొరికిపోతుంది. రాత్రంతా ఆగి పూర్తిగా చల్లబడ్డప్పుడు ఒకసారి, బాగా తిరిగి ఒళ్లంతా వేడెక్కినప్పుడు ఇంకోసారి. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్‌కూ అది ఆడే సిలిండర్ గోడకూ (బోరుకూ) మధ్య సందు ఎక్కువగా ఉంటుంది, ఆయిలంతా కింద చాంబర్లోకి దిగిపోయి ఉంటుంది. బాగా వేడెక్కాక ఆయిల్ పల్చబడి, అరిగిన బేరింగుల సందుల్లోంచి జారిపోయి ప్రెషర్ పడిపోతుంది. ఈ రెండింటికీ మధ్య, గోరువెచ్చగా ఉన్న పావుగంటలో, నీరసించిన ఇంజిన్ కూడా బాగానే పలుకుతుంది. అమ్మేవాళ్లు చూపించేది ఎప్పుడూ ఆ పావుగంటే. మీరు చూసిందీ అదే. కాబట్టి మీ మెకానిక్ చెప్పింది తప్పనీ అనను, ఏజెంటు మాట నిజమనీ అనను. ఆ పూట ఆ బండి మీద తీర్పు చెప్పే వీలే లేదు.

మళ్లీ వెళ్లండి. పొద్దున ఆరింటికి వస్తామని, మేము రాకముందు బండి తియ్యొద్దని ముందురోజే ఫోన్లో గట్టిగా చెప్పండి. వెళ్లగానే బానెట్ ఎత్తించి ఇంజిన్ మీద, రేడియేటర్ పై గొట్టం మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలిందంటే మీకంటే ముందే సెల్ఫ్ కొట్టారన్నమాట. అప్పుడు గొడవ పడనక్కర్లేదు, రేపు వస్తామని చెప్పి వచ్చేయండి. రెండోసారీ అదే జరిగితే ఇక ఆ బండి ఊసెత్తకండి.

స్టార్ట్ చెయ్యకముందే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే కడ్డీ, తీయండి. ఆయిల్ నల్లగా ఉందని కంగారు పడొద్దు, డీజిల్ ఇంజిన్లో కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే మసి పట్టి నల్లబడుతుంది. చూడాల్సింది మట్టం, వాసన, జిగట. మట్టం కింది గీతకంటే తక్కువుంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోందనైనా అనుకోవాలి, ఓనరు పట్టించుకోలేదనైనా అనుకోవాలి. పై గీత దాటి ఉండి డీజిల్ వాసన కొడితే ఇంజెక్టర్ల (సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ముక్కుల) నుంచి డీజిల్ కారి ఆయిల్లో కలుస్తోందని అనుమానించాలి, అలా పల్చబడ్డ ఆయిల్ బేరింగులను తినేస్తుంది. ఒక చుక్క రెండు వేళ్ల మధ్య రాసి ఎండలో చూడండి. సన్నగా మెరిసే పొడి కనిపిస్తే అది లోపలి లోహం. ఆ తర్వాత చూడాల్సిందేమీ లేదు, ఇంటికి వచ్చేయండి.

ఆయిల్ మరీ కొత్తగా, మరీ చిక్కగా ఉన్నా అడగాల్సిందే. ఈ ఇంజిన్ కోరేది పల్చటి ఆయిల్. అమ్మకానికి ముందు చిక్కటి ఆయిల్ పోసి, దాంట్లో మందు డబ్బా ఒకటి కలిపితే నాకింగ్ శబ్దం తగ్గుతుంది, పొగా తగ్గుతుంది. కొన్నాళ్లకు అన్నీ తిరిగొస్తాయి. ఏ గ్రేడ్ పోశారో బిల్లు చూపించమనండి. ఇంజిన్ మొత్తం కడిగి తళతళలాడిస్తే దాన్నీ మెచ్చుకోవద్దు. పాత ఇంజిన్ మీద పేరుకున్న దుమ్ము చూస్తేనే ఆయిల్ ఎక్కడ కారుతోందో తెలుస్తుంది.

కూలెంట్ డబ్బా మూత, ఇంజిన్ చల్లగా ఉంది కాబట్టి, తీసి చూడొచ్చు. వేడి మీద మాత్రం ఎప్పుడూ తీయకండి. నీళ్ల మీద నూనె తెట్టు, లేదా ఆయిల్ మూత లోపల పాలమీగడ లాంటి జిగురు దట్టంగా ఉంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య బిగించే అట్ట) పోయి రెండూ కలుస్తున్నాయని అనుమానించాలి. మన ప్రాంతంలో ఇంకో బాధ ఉంది. కూలెంట్ డబ్బులు మిగులుతాయని బోరుబావి నీళ్లు పోస్తారు. ఆ ఉప్పునీళ్లతో లోపలి దారులు గార పట్టి మూసుకుపోతాయి, వేసవిలో బండి కాగిపోతుంది. ఈ ఇంజిన్ బ్లాకు పోత ఇనుము, పైన హెడ్ అల్యూమినియం. ఒక్కసారి బాగా కాగితే హెడ్ వంకర తిరుగుతుంది. డబ్బాలో తుప్పు రంగు నీళ్లు కనిపిస్తే ‘ఎప్పుడైనా హీటెక్కిందా’ అని సూటిగా అడగండి.

ఇప్పుడు తాళం తిప్పండి, సెల్ఫ్ కొట్టొద్దు. డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ దీపం, చెక్ ఇంజిన్ దీపం వెలగాలి. స్టార్టయ్యాక ఆరిపోవాలి. తాళం తిప్పినా వెలగలేదంటే బల్బన్నా పోయి ఉండాలి, ఎవరో వెలక్కుండా అన్నా చేసి ఉండాలి. ఇంత చిన్న పని మీద చాలామంది మోసపోతారు. దీపం ఆరిందా అనే చూస్తారు గానీ, అసలు వెలిగిందా అని చూడరు.

మీతో ఒకరిని తీసుకెళ్లండి. వాళ్లను సైలెన్సర్ వెనక నిలబెట్టి ఫోన్లో వీడియో తీయమనండి, మీరు ఇంజిన్ దగ్గర ఉండండి, ఓనరును సెల్ఫ్ కొట్టమనండి. సెల్ఫ్ తిరిగేటప్పటి లయ వినండి. నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ (పిస్టన్ గాలిని ఒత్తే బలం) సమానంగా ఉంటే మోటారు ఒకే తీరున ‘గిర్ర్ గిర్ర్’మని తిరుగుతుంది. మధ్యలో ప్రతి నాలుగో దెబ్బకు తేలికైపోయి పరిగెత్తినట్టు వినిపిస్తే ఒక సిలిండర్లో కంప్రెషన్ తక్కువ. మన నంద్యాల ఎండలకు డీజిల్ బండి సెల్ఫ్ అందుకోవడానికి గ్లో ప్లగ్గుల (చలిలో సిలిండర్‌ను వేడిచేసే ప్లగ్గుల) సాయం పెద్దగా అక్కర్లేదు. బయట 30 డిగ్రీలున్నా చాలాసేపు కొడితే తప్ప పలకడం లేదంటే చలి మీద నెపం వేస్తే కుదరదు. కంప్రెషనో, ఇంజెక్టర్లో, డీజిల్ లైన్లో గాలో, ఏదో ఒకటి ఉంది.

స్టార్టయిన మొదటి నాలుగైదు సెకన్లు చెవి ఇంజిన్ ముందు భాగం వైపు, అంటే బయటి ఆల్టర్నేటర్ బెల్టు తిరిగే వైపు, తాకకుండా పెట్టండి. మీరు చూసిన డిజైర్లో ఉన్నది 1248 సీసీ ఫియట్ మల్టీజెట్ ఇంజిన్. మారుతి దాన్ని డీడీఐఎస్ అని పిలిచింది, టాటా వాళ్ల విస్టా, మాంజాల్లో క్వాడ్రాజెట్ పేరుతో వచ్చింది, ఫియట్ పుంటో, లీనియాల్లోనూ ఇదే. లక్షల బండ్లలో తిరిగిన మంచి ఇంజిన్. 2020 ఏప్రిల్లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చేదాకా మారుతి దీన్ని వాడింది. వాల్వులను పిస్టన్లకు తగ్గట్టు వేళకు ఆడించడానికి దీనికి టైమింగ్ బెల్టు లేదు, చైను ఉంది. ‘చైను జీవితకాలం వస్తుంది’ అని ఏజెంట్లు చెబుతారు. ఆ మాట వేళకు ఆయిల్ మార్చిన బండికే వర్తిస్తుంది. చైనును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్ మీదే పనిచేస్తుంది. పది వేలకు మార్చాల్సిన ఆయిల్‌ను ఇరవై వేల దాకా లాగితే మసి ముద్దలు దారులకు అడ్డం పడతాయి, టెన్షనర్ సడలుతుంది, చైను సాగుతుంది. సాగిన చైను పొద్దున స్టార్టయిన వెంటనే గలగలమంటుంది, ఆయిల్ ఎక్కగానే మానేస్తుంది. అందుకే వేడి మీద చూసినవాళ్లకు అది వినపడదు. రెండు సెకన్ల టిక్ టిక్‌కు భయపడొద్దు, రాత్రంతా ఆగిన హైడ్రాలిక్ ట్యాపెట్లలో (వాల్వుల దగ్గర సందు లేకుండా ఆయిల్‌తో సర్దే భాగాల్లో) ఆయిల్ దిగిపోతే అంతమాత్రం వస్తుంది. గొలుసు రేకుకు కొట్టుకున్నట్టున్న గలగల ఆగకుండా వినిపిస్తే మాత్రం చైను కిట్టు ఖర్చు ధరలోంచి తగ్గించాలి, బండి మీ చేతికొచ్చిన రోజే మార్పించాలి. ఆలస్యమైతే చైను పళ్లు దాటుతుంది, వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, హెడ్ మొత్తం దించాల్సి వస్తుంది. నాన్నగారు వెనక సీట్లో ఉండగా హైవే మీద బండి అలా ఆగిపోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక పొగ. స్టార్ట్ చేసినప్పుడు ఒక్క పొగ వదిలి మాయమైతే ఫర్వాలేదు. నల్ల పొగ, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కొంచెం, పాత డీజిల్ బండికి సహజమే. విపరీతంగా వస్తే ఎయిర్ ఫిల్టర్, ఈజీఆర్ వాల్వు (పొగను కొంత తిరిగి ఇంజిన్లోకి పంపేది), ఇంజెక్టర్లు, టర్బో (ఇంజిన్లోకి గాలిని ఒత్తి పంపే పంకా) గొట్టాల్లో లీకు, వీటిల్లో ఏదో ఒకటి. ఇవన్నీ ఇంజిన్ విప్పకుండా బాగుచేసేవే. తెల్ల పొగ ఆగకుండా వస్తూ కళ్లు మండిస్తే డీజిల్ మండకుండా బయటికి పోతోంది. తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ లోపలికి పోతోంది. నీలం పొగ అన్నిటికంటే చెడ్డది. అది కాలే ఇంజిన్ ఆయిల్. వాల్వ్ సీళ్ల నుంచి దిగొచ్చు, పిస్టన్ రింగుల పక్కనుంచి ఎక్కొచ్చు, టర్బో నుంచి కారొచ్చు. స్టార్టింగులో కాసేపు వచ్చి పోతే సీళ్లు. వేడెక్కేకొద్దీ, లోడు పడేకొద్దీ పెరిగితే రింగులో టర్బోనో. సైలెన్సర్ కొన లోపల వేలు పెట్టి చూడండి. పొడి మసి అంటితే మామూలే. జిడ్డుగా, తారులాగా అంటుకుంటే ఆయిల్ పోతోంది.

మీ అసలు అనుమానానికి వద్దాం, ఆయిల్ మూత. పిస్టన్ రింగులు ఎంత బాగున్నా మండిన గ్యాసు కొంత కిందికి జారుతుంది. డీజిల్లో కంప్రెషన్ ఎక్కువ కాబట్టి ఇంకాస్త జారుతుంది. వేడి ఇంజిన్ మూత తీస్తే పల్చగా ఆవిరి లేవడం అందుకే తప్పు కాదు. ఏజెంటు చెప్పినదాంట్లో నిజం అంతవరకే. ఆవిరి కనిపించిందా లేదా అని కాదు, అది ఎంత బలంగా, ఏ తీరున తోసుకొస్తోందో చూడాలి. ఇంజిన్ ఐడిల్లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా నడుస్తుండగా, మూత విప్పి, బిగించకుండా, తలకిందులుగా రంధ్రం మీద ఊరికే ఆనించండి. సన్నగా వణుకుతూ అక్కడే కూర్చుంటే మంచిది. ఎగిరెగిరి పడుతూ పక్కకు దొర్లిపోతే, రంధ్రంలోంచి రైలింజను లాగా ‘భుస్సు భుస్సు’మని దెబ్బ దెబ్బగా పొగ వస్తే, అది మీ మెకానిక్ అన్న బ్యాక్ కంప్రెషనే. డిప్‌స్టిక్ కొంచెం పైకి లాగి చూడండి, ఆ గొట్టంలోంచి కూడా పొగ తోసుకొస్తే ఇక సందేహం అక్కర్లేదు. ఒక్క మినహాయింపు: బ్రీతర్ గొట్టం (ఇంజిన్ లోపలి గ్యాసు బయటికి పోయే దారి) మసి పట్టి మూసుకుపోయినా మూత దగ్గర ఒత్తిడి పెరుగుతుంది. ఆ గొట్టం ఊడదీసి చూడమని మెకానిక్‌కు చెప్పండి. రింగులు బాగుండి, కేవలం గొట్టం మూసుకుపోయినందుకు మంచి బండి వదులుకోవడమూ అన్యాయమే.

ఈ పరీక్ష పొద్దున చల్లటి మీద ఒకసారి, తిరిగొచ్చాక వేడి మీద ఇంకోసారి చెయ్యండి.

తిరగడమంటే వీధి చివరిదాకా కాదు. గిద్దలూరు రోడ్డులో నల్లమల ఘాట్ దాకా తీసుకెళ్లండి. ఎక్కుడులో మూడో గేరులో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఈ ఇంజిన్ రెండు వేల ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) లోపు నీరసంగా ఉంటుంది, టర్బో అందుకున్నాకే ఊపు వస్తుంది. కొత్త బండికీ ఇదే స్వభావం, దాన్ని అరుగుదల అనుకోవద్దు. రెండు వేలు దాటాక కూడా లాగలేకపోతే, అంబులెన్స్ సైరన్ లాంటి కూత వినిపిస్తే టర్బో చూపించాలి. అద్దంలో వెనక పొగ రంగు గమనించండి. బలం పెట్టినప్పుడు అడుగు నుంచి బరువైన ‘దడ్ దడ్’ వస్తే మెయిన్ బేరింగులు. వేగంతో పాటు పెరుగుతూ, కాలు తీయగానే కూడా ‘టక టక’మంటే కనెక్టింగ్ రాడ్ బేరింగులు. ఈ రెండింటిలో ఏది విన్నా బేరం ఆపేయండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొట్టుకుని, వేడెక్కాక మాయమయ్యే మొద్దు చప్పుడు పిస్టన్ది. బోరు కొంత అరిగిందని గుర్తు, కానీ ఇవాళ రేపు పడిపోయే ప్రమాదం కాదు.

తిరిగొచ్చాక ఇంజిన్ ఆపకుండా ఐదు నిమిషాలు ఐడిల్లో ఉంచండి. ఎర్రటి ఆయిల్ దీపం మినుకుమందా? ఏసీ వేసి, తీసి చూడండి. ఆ వేడిలో దీపం కదిలిందంటే బేరింగులో, ఆయిల్ పంపో అరిగాయి. సరిగ్గా తెలియాలంటే ప్రెషర్ స్విచ్ తీసి ఆ చోట గేజ్ బిగించి చూడాలి. షెడ్లలో వాడే మోటు లెక్క, వెయ్యి ఆర్‌పీఎంకు 10 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) చొప్పున ఉండాలని. కచ్చితమైన అంకె కంపెనీ సర్వీస్ పుస్తకంలో ఉంటుంది.

ఇంతవరకూ బండి నెగ్గితేనే మెకానిక్ షెడ్డుకు డబ్బు ఖర్చు పెట్టండి. అక్కడ మొదట స్కానర్ పెట్టించండి. ఇంజెక్టర్ల కరెక్షన్ అంకెలు, అంటే ఇంజిన్ సమానంగా నడవడానికి ఒక్కో సిలిండర్‌కు కంప్యూటర్ ఎంత డీజిల్ పెంచి తగ్గిస్తోందో, చూడమనండి. మూడు దగ్గరదగ్గరగా ఉండి ఒకటి బాగా దూరంగా ఉంటే ఆ సిలిండర్లో ఏదో ఉంది. పాత కోడ్లు (కంప్యూటర్ దాచుకున్న లోపాల గుర్తులు) అన్నీ నిన్ననే చెరిపేసినట్టు కనిపిస్తే, ఎందుకు చెరిపారో అడగాలి. ఒక హెచ్చరిక: పాత జీపులు, ట్రాక్టర్ల అలవాటుతో కొందరు మెకానిక్‌లు ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపు వదులు చేసి ఏ సిలిండర్ పనిచేయట్లేదో చూస్తారు. ఇలాంటి కామన్ రైల్ ఇంజిన్లో (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ అందేదాంట్లో) ఆ పని ఎవర్నీ చెయ్యనివ్వకండి. అక్కడ ప్రెషర్ బలం పెట్టినప్పుడు వెయ్యి బార్ కూడా దాటుతుంది, ఆ సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

తర్వాత కంప్రెషన్ టెస్ట్. డీజిల్ ఇంజిన్లలో సుమారుగా 350 నుంచి 450 పీఎస్ఐ దాకా చూపిస్తుంది. అంకె కంటే నాలుగింటి మధ్య తేడా ముఖ్యం. ఒకటి మిగతావాటికంటే 10–15 శాతం మించి తగ్గితే అనుమానించాలి. పెట్రోల్ ఇంజిన్లో తక్కువున్న సిలిండర్లోకి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వులు. డీజిల్లో పైన ఖాళీ చాలా తక్కువ కాబట్టి ఆయిల్ పోస్తే అంకె తప్పుగా పెరుగుతుంది, ఆ లెక్క నమ్మొద్దు. దానికి బదులు లీక్‌డౌన్ టెస్ట్ ఉన్న షెడ్డు దొరికితే అదృష్టం. పిస్టన్ పైన ఉంచి సిలిండర్లోకి గాలి కొడతారు. గాలి ఆయిల్ మూత దగ్గర వినిపిస్తే రింగులు, సైలెన్సర్లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ ఫిల్టర్ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, కూలెంట్లో బుడగలొస్తే గ్యాస్కెట్. ఇంతకంటే సూటిగా చెప్పే పరీక్ష లేదు. రెండు పరీక్షలకూ గ్లో ప్లగ్గులు తీయాలి, పాత ఇంజిన్లో అవి విరగొచ్చు. విరిగితే ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి.

మీటరు అంకెను నేను పెద్దగా పట్టించుకోను. దాన్ని వెనక్కి తిప్పడం సులువు. పెడల్ రబ్బరు, స్టీరింగ్ నునుపు, డ్రైవర్ సీటు అంచు చూడండి. ఓనరు ఒప్పుకుంటే కంపెనీ సర్వీస్ సెంటర్లో బండి నంబరు మీద పాత సర్వీసుల వివరాలు తీయించండి. 1,38,000 తిరిగి ఆయిల్ మార్చని బండి కంటే, 2,20,000 తిరిగి పది వేలకోసారి మార్చిన బండినే కొనమంటాను. ఆర్సీలో ముందు ట్యాక్సీగా ఉందేమో కూడా చూడండి. 2028లో పదిహేనేళ్లు నిండుతాయి, రెన్యువల్‌కు ఫిట్‌నెస్ కావాలి. ఆ సంగతి ధరలో కనపడాలి.

మూత ఎగరకుండా, నీలం పొగ లేకుండా, వేడిలో ఆయిల్ దీపం కదలకుండా ఉంటే ధర మాట్లాడండి. చైను గలగల ఒక్కటే ఉంటే కిట్టు, కూలీ అంచనా కాగితం మీద రాయించుకుని ఆ మేరకు తగ్గించమనండి. మూత ఎగిరితే మాత్రం ఎంత తగ్గించినా వద్దు. పిస్టన్లు, రింగులు, బేరింగులు, హెడ్ పని, లేత్ పని కలిపి ఫుల్ ఇంజిన్ చేయిస్తే, విప్పాక ఇంకేం బయటపడుతుందో ఎవరూ ముందు చెప్పలేరు. నాన్నగారి ప్రయాణాలకు పనికొచ్చేది రేపటి నుంచే నడిచే బండి. ఈ బండి పోతే ఇంకోటి దొరుకుతుంది, అందాకా నెలకోసారి ట్యాక్సీ మాట్లాడుకోండి. వారం గడువు ఏజెంటుకుంది, మీకు లేదు.

కొన్నారనుకోండి, మొదటి రోజే ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. పాత ఫిల్టర్ పారెయ్యనివ్వకుండా కోయించి, లోపలి కాగితం మడతలు విప్పి మెరుపు ఉందేమో మీ కళ్లతో చూడండి. రెండు వేల కిలోమీటర్ల దాకా వారానికోసారి, పొద్దున సెల్ఫ్ కొట్టకముందు, డిప్‌స్టిక్ తీసి మట్టం రాసిపెట్టుకోండి. వెయ్యి కిలోమీటర్లకే లీటరు పోయాల్సి వస్తే ఆ లెక్కతో నాకు మళ్లీ రాయండి.